ఎడమకు లాగే జీపు

బాలనర్సయ్య మంచి డ్రైవరేనా అని ఎవరైనా నన్నడిగితే ముందు తిడతాను, తరవాత మెచ్చుకుంటాను. ఆ వరస మారదు. కొండాపూర్‌లో వీల్ అలైన్‌మెంటు షాపు పెట్టినప్పటి నుంచి రకరకాల బళ్లు చూశాను, రకరకాల పిసినారుల్నీ చూశాను. కానీ బండి వంకరగా పోతోందని తెలిసి కూడా దాన్ని బాగు చెయ్యొద్దని బతిమాలిన మనిషిని ఇతన్నొక్కణ్ణే చూశాను.

ఖాజాగూడ అతని సొంతూరు. వాళ్ల నాన్న చెరువు అవతలి గుట్టల్లో రాళ్లు కొట్టేవాడు. కొడుకు చేతికి సమ్మెట రాకూడదని ఆయన బాలనర్సయ్యను క్వారీ లారీ మీద క్లీనరుగా ఎక్కించాడు. స్టీరింగు పట్టడం అక్కడే వచ్చింది. తరవాత ఆ గుట్టలు పేల్చి అద్దాల మేడలు కట్టడానికి కంపెనీలు దిగాయి. అందులో ఒక కంపెనీ మిలటరీ వేలంలో పాత ఫోర్‌వీల్ జీపు కొంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కాబట్టి మామూలు కార్లు ఎక్కలేని రాళ్ల మీదికి కూడా ఇంజనీర్లను మోసుకుపోతుంది. దానికి బాలనర్సయ్య డ్రైవరయ్యాడు.

ఒక వానాకాలం ఆ జీపు ముందు చక్రం బండ మీంచి జారి ధబేలున కింద పడింది. చక్రాలను తిప్పే కడ్డీ కాస్త వంగింది. ఇక అప్పట్నుంచి బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. చెయ్యి వదిలామా, తిన్నగా పక్కనున్న మోరీలోకే. బాలనర్సయ్య మాత్రం స్టీరింగును ఎప్పుడూ కుడివైపుకి గుంజి పట్టుకుని నడిపేవాడు. లోపల కూర్చున్నవాళ్లకి ఏ తేడా తెలిసేది కాదు. వేరే డ్రైవరు ఎవడైనా ఎక్కితే వీధి చివరికి పోకముందే హడలిపోయి దిగేవాడు. ఆ బండి బాలనర్సయ్యకు తప్ప ఎవరికీ లొంగదని కంపెనీలో పేరు పడిపోయింది.

గ్రీజు కొట్టించడానికి నా షాపుకే తెచ్చేవాడు. ఒకసారి టైర్లు చూసి నాకు కడుపు రగిలింది.

"ఏమయ్యా, ఎడమ టైరు లోపలివైపు బోడిగుండులా అరిగిపోయింది కదా! మిషను మీదికెక్కించు, ఈ పూటే సరిచేసి పంపిస్తా."

"వద్దు నారాయణ సేటూ. గ్రీజు కొట్టి పంపు, చాలు."

"డబ్బులేమైనా నీ జేబులోంచి పోతాయా? కంపెనీదేగా?"

"పైసల ముచ్చట కాదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "డ్రైవర్లనందర్ని తీసేసి ఏజెన్సీ పిలగాండ్లను పెడుతున్నరు. నా తోటోళ్లందరు పోయిండ్రు. నన్ను ఎందుకు ఉంచిండ్రు? ఈ బండి ఇంకెవలు నడపలేరని. ఇది సక్కగ పోయిన్నాడు నేను ఇంటికి పోవాలె."

"రేపు ఎవరి మీదికైనా పోతే?"

"నేనుండంగ యాడికి పోతది?"

"నీకు జ్వరమొస్తే?"

"నాకు జరం గిట్ల రాదు సేటూ, ఫికర్ జెయ్యకు" అని నవ్వాడు. బుద్ధి లేదా నీకు అని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ విని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. అతని కుడి భుజం మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. పని నుంచి రాగానే భార్య సాయమ్మ వేడి నూనె పెట్టి రుద్దేది. ఆ భుజం ఎందుకు నొస్తోందో ఆవిడకి చెప్పలేదు.

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. నా షాపు అద్దం మీద 'జై తెలంగాణ' స్టిక్కరు బాలనర్సయ్యే తెచ్చి అంటించాడు. ఇది ఉంటే ఎవలు రాయి ఎయ్యరు సేటూ, అన్నాడు. నేను భయంతో ఉంచానా ఇష్టంతో ఉంచానా అంటే, రెండూ ఉన్నాయి.

రెండు వేల పదకొండులో వంటా వార్పు అని పిలుపొచ్చింది. జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తిని, మా రాష్ట్రం మాకియ్యండని అడగడం. ఖాజాగూడ చౌరస్తాలో ఊరంతా దిగింది. బాలనర్సయ్య సెలవు పెట్టి గరిటె పట్టుకున్నాడు. సాయమ్మ పొయ్యి పక్కన ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చుంది.

అదే రోజు సైటులో స్లాబు పోస్తున్నారు. మొదలుపెట్టిన కాంక్రీటు ఆగకూడదు. సైటు ఇంజనీరు కృష్ణప్రియ రాజమండ్రి అమ్మాయి, కూకట్‌పల్లిలో ఉంటుంది. ఆటోలు లేవు, డ్రైవరు లేడు. ఎలాగోలా ఆఫీసుకు చేరి, జీపు తాళం తీసుకుని తనే బయల్దేరింది. ఆ బండి సంగతి కొత్తగా చేరిన ఆ పిల్లకేం తెలుసు? స్టీరింగుతో కుస్తీ పడుతూ, నాకే రావట్లేదేమో అనుకుంటూ మెల్లగా చౌరస్తా దాకా వచ్చింది. అక్కడి వాళ్లు మంచివాళ్లే, రోడ్డుకి ఒక పక్క దారి వదిలి పొమ్మన్నారు. థాంక్స్ అండీ అంటూ ఒక చెయ్యి పైకెత్తింది. అంతే. బండి ఎడమకు లాగి నేరుగా పొయ్యి మీదికి పోయింది.

ఎవరో సాయమ్మను జబ్బ పట్టి ఈడ్చారు కాబట్టి బతికింది. కిచిడీ గిన్నె బోర్లా పడి పాదం కాలింది. ఇక చూడండి! ఆంధ్ర మేడం కావాలనే మీదికి తోలిందని జనం బండిని చుట్టుముట్టారు. బాలనర్సయ్య గరిటెతోనే పరిగెత్తుకొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "మా మేడం! మా బండి! నన్ను కొట్టి ఆమెను ముట్టుకోండ్రి" అని అరిచాడు. కృష్ణప్రియ బయటపడింది. కానీ కావాలనే తోలిందన్న మాట మాత్రం ఊళ్లో అలాగే ఉండిపోయింది.

మర్నాడు వంగిన బంపరు సరిచేయించడానికి జీపు నా షాపుకొచ్చింది. బాలనర్సయ్య నడిపాడు. దవాఖానలో కట్టు కట్టించుకున్న సాయమ్మ కూడా అందులోనే ఉంది. ఆమెను దవాఖానకు తీసుకెళ్లిన కృష్ణప్రియా ఉంది. ముగ్గురూ దిగారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"తప్పంతా నాదేనండీ" అంది కృష్ణప్రియ నాతో, నేను అడక్కుండానే. "డ్రైవింగ్ సరిగా రాకపోయినా ఎక్కాను. ఇంక జన్మలో స్టీరింగు ముట్టుకోను. ఆ ఊరి మీంచి వెళ్లాలంటేనే సిగ్గుగా ఉంది. నన్ను వేరే సైటుకి మార్చమని అడిగాను." కళ్లు వాచిపోయి ఉన్నాయి. రాత్రంతా ఏడ్చినట్టుంది.

సాయమ్మ పాత టైరు మీద కూర్చుని కాలు చాపుకుంది. "రాకపోతే మెల్లగ పోవాలె గాని, పొయ్యి మీదికెట్ల వస్తది బిడ్డా? మేమేం పాపం జేసినం మీకు?"

"కావాలని చెయ్యలేదండీ, ఒట్టు."

"నువ్వట్లనే అంటవు."

నేను బాలనర్సయ్య వైపు చూశాను. అసలు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదు. నోరు మూసుకుంటే అతని ఉద్యోగం ఉంటుంది, ఆ పిల్ల నింద మోసుకుంటూ వేరే సైటుకి పోతుంది. చెప్తే ఇల్లు గడవడమెట్లా? అతను నిలబడి నిలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"సేటూ, మిషను మీదికి ఎక్కియ్."

"బంపరుకి మిషనెందుకండీ?" అంది కృష్ణప్రియ.

"బంపరుకు కాదు మేడం. బండే వంకర. ఎప్పట్నుంచో ఎడమకు గుంజుతది. సేటు సక్క జేస్తనంటే నేనే వద్దన్న. ఎవలన్న నడిపేటట్లుంటె నన్ను తీసేస్తరని." కృష్ణప్రియ దగ్గరికి వచ్చాడు. "నీకు డ్రైవింగ్ రాక కాదు బిడ్డా. నా వల్లనే అయింది."

ముందు సాయమ్మే లేచింది, కాలి నొప్పి మరిచిపోయి.

"అయ్యో నా ఖర్మా! ఈ వంకర బండికా ఇన్నేండ్లు నేను నూనె రాసింది? నా పానం మీదికి నువ్వే తోలినవా? థూ! నీ నౌకరి మీద మన్నువడ!"

అతను తల దించుకుని నిలబడ్డాడు. కృష్ణప్రియ జీపు దాకా వెళ్లి, వంగిన బంపరు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"నిన్న అంతమంది తిడుతుంటే మీరు అడ్డం నిలబడ్డారు. దేవుడిలా కనపడ్డారు నాకు. అప్పుడు కూడా చెప్పలేదు" అంది.

"భయమైంది మేడం."

నేను జీపును మిషను మీదికెక్కించాను. తెర మీద అంకెలన్నీ ఎర్రగా వెలిగాయి. వంగిన కడ్డీ తీసి కొత్తది వేశాను. నాలుగు చక్రాలూ చూసి, ముందువి రెండూ ఒక్కో మరా తిప్పుతూ తిన్నగా తెచ్చాను. ఎరుపు పోయి పచ్చరంగు వచ్చింది. ఇన్నాళ్లు నేను చేస్తానని మొత్తుకున్న పని అది, చేతిలోకొచ్చాక నాకు ఏమాత్రం సంతోషం కలగలేదు.

"నడిపి చూద్దాం" అన్నాను. బాలనర్సయ్య తాళాన్ని కృష్ణప్రియ ముందు పెట్టాడు. "ఇగ ఎవలన్న నడపొచ్చు మేడం. మీరే తీస్కపోండ్రి."

"మీరే నడపండి. ఖాజాగూడ చౌరస్తాకి. అక్కడ కూడా ఈ మాట చెప్పాలి మీరు" అంది.

అతను మారు మాట్లాడకుండా ఎక్కాడు. నేను పక్కన, ఆడవాళ్లిద్దరూ వెనక. రోడ్డెక్కామో లేదో బండి కుడికి, డివైడరు మీదికి పోవడం మొదలెట్టింది. ఏందిది ఏందిది అని కంగారుపడి ఇవతలికి తిప్పాడు. మళ్లీ కుడికే. నా పని మీద నాకే అనుమానమొచ్చింది, తరవాత అతని చెయ్యి చూశాను. ఆ కుడి చెయ్యి అలవాటు కొద్దీ ఇంకా గుంజుతూనే ఉంది. తిన్నగా ఉన్న బండిని తిన్నగా నడపలేకపోతున్నాడు ఆ పెద్ద డ్రైవరు. చెమటలు కారిపోతున్నాయి.

సాయమ్మ వెనక నుంచి ముందుకు వంగి, తను నూనె రాసిన ఆ భుజం మీద చెయ్యి వేసింది. ఇందాకటి కోపం గొంతులో లేదు.

"ఇడువు" అంది. "ఇగ గుంజకు. ఇడువు."

భుజం మెల్లగా కిందికి దిగింది. జీపు తిన్నగా సాగింది. బాలనర్సయ్య కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే నడిపాడు.

చౌరస్తాలో పొయ్యి పెట్టినచోట రోడ్డు ఇంకా నల్లగానే ఉంది. పక్కన నిన్నటి మనుషులే కూర్చుని ఉన్నారు. జీపును చూసి లేచారు. బాలనర్సయ్య దిగి వాళ్ల మధ్యకు పోయి, చేతులు జోడించి అంతా చెప్పాడు, బండి సంగతి, భయం సంగతి. "ఆ పిల్లది ఇంత గూడ తప్పు లేదు. తిట్టేది ఉంటె నన్ను తిట్టుండ్రి" అన్నాడు. తిట్టారు కూడా, బాగానే తిట్టారు. ఆ తరవాత ఒక ముసలాయన అడిగాడు.

"మరి ఇప్పుడు బండి సక్కగైపాయె. నీ నౌకరి సంగతేంది నర్సిగా?"

బాలనర్సయ్య జోడించిన చేతులు దించి జీపు వైపు చూశాడు.

కృష్ణప్రియ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"బాలనర్సయ్య గారూ, త్వరగా ఎక్కండి. సాయమ్మ గారిని ఇంటి దగ్గర దించి మనం సైటుకి పోవాలి. రేపు ఉదయం కూడా లేటు చెయ్యకండి."