ఉదయగిరికి నేను మోసుకెళ్ళిన ఫ్లాపీ

ఉదయగిరి కోటకు ఎట్లా పోవాలని చాలామంది అడుగుతుంటారు. దోవ చెబుతాను గానీ, నేను మొదటిసారి పోయింది కోట కోసం కాదు. తొంభైల మధ్యలో నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేవాణ్ణి. ఒక సాయంత్రం ఉదయగిరి దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు రూతమ్మ ఫోన్ చేసింది. కంప్యూటర్లో నక్కి ఉండి, ఫలానా తారీఖు రాగానే ఉన్నదంతా తుడిచేసే వైరస్ ఒకటి తిరుగుతోందని ఎక్కడో చదివిందట. ఆ తారీఖు ఎల్లుండే. ఆ చుట్టుపక్కల బ్లడ్ బ్యాంకు లేదు. అందుకని ఆమె రెండేళ్ళపాటు ఆదివారం ప్రార్థనలయ్యాక చర్చి చర్చికీ తిరిగి, వేళ్ళు గుచ్చి చూసి, ఎవరిది ఏ గ్రూపో, ఏ ఊరో రాసుకుంది. ఆ కార్డులను చెదలు తినేశాయి. మిగిలింది కంప్యూటర్లో ఎక్కించిన పేర్ల పట్టీ ఒక్కటే. దాన్ని కాగితం మీద తీద్దామంటే ప్రింటర్ రిబ్బను అరిగిపోయిందట.

"ఎల్లుండే ఆపరేషన్ ఉండాది నాయనా. దుత్తలూరు పిల్ల, తొలికాన్పు, నెగటివ్ గ్రూపు. పట్టీ పోతే నేనెవర్ని పిలిచేది?" అంది. నేనొచ్చేదాకా ఆ పెట్టెను ఆన్ చేయొద్దని గట్టిగా చెప్పాను.

మర్నాడు ఆరుగంటల బస్సెక్కి ఎనిమిదికల్లా ఆత్మకూరులో దిగాను. అక్కడో రైస్‌మిల్లులో లారీలను తూచే కాటాకు బిగించిన కంప్యూటర్ మొరాయిస్తోందని, పోతూ పోతూ దాన్నీ చూసిపొమ్మన్నాడు మా ఓనరు. గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. ఫోర్‌మన్ నా నెత్తిమీదే నిలబడ్డాడు. "కాటా నిలిచిపోతే మిల్లు నిలిచినట్టే సామీ, బిన్నా కానీ, తొందరగా!"

నా దగ్గర వైరస్‌ను పట్టే ఫ్లాపీలు రెండుండేవి. ఒకటి అసలుది, కవరు కూడా విప్పనిది. రెండోది దాని నకలు, రోజూ వాడేది. అప్పటి పెద్ద ఫ్లాపీలకు అంచున చిన్న గాటు ఉండేది. గాటు మీద కాగితం అంటిస్తే ఆ ఫ్లాపీలోకి ఏదీ ఎక్కదు. ఓనరుకు చూపించడానికి రిపోర్టు ఎక్కించుకుందామని నేను నకలు మీది కాగితం పీకేశాను. మిషన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందిపోయి, నడుస్తున్నదాంట్లోనే దూర్చాను. వైరస్ పోయిందని తెరమీద పడింది. టీ తాగి, దొరబాబులాగా బయటపడ్డాను.

పదింటి బస్సు మర్రిపాడు దాకా బాగానే లాగి, అక్కడ చతికిలబడింది. ఆసుపత్రిలో నాలుగింటికి కరెంటు తీసేస్తారని రూతమ్మ ముందే చెప్పింది. నేను ఎండలో బస్సు చుట్టూ తిరుగుతుంటే కండక్టర్ నవ్వాడు. "ఏంది సార్, ఊరికే వాచీ చూస్తా ఉండారు? మీరు చూస్తే బండి లేస్తాదా? పోయి దోసె తినండి." తిన్నాను. ఆ ఎర్రకారం ఇప్పటికీ నోట్లో మెదులుతుంది. మూడు రూపాయలకు కడుపు నిండింది గానీ మనసు నిలవలేదు. ఈ బస్సు లేవకపోతే ఏ లారీ అయినా పట్టుకుని పోవాల్సిందేనని అనుకుంటుండగా బస్సు లేచింది. ఆసుపత్రి మెట్లెక్కేసరికి మూడు దాటింది.

రూతమ్మకు యాభై ఉంటాయి, సన్నటి మనిషి. నేను నకలు తీసి దూర్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంతకు ముందు దీన్ని ఎక్కడ పెట్టినావు?"

"ఆత్మకూరు మిల్లులో. ఇది మందే సిస్టరమ్మా, వైరస్‌ను చంపేది ఇదే."

"సూది కూడా మందెక్కించేదే గదా. ఒకరికి పొడిచింది నీళ్ళలో కాచకుండా ఇంకొకరికి పొడవను. నా వార్డులో అదే రూలు. విప్పనిది లేదా?"

ఒళ్ళు మండిపోయింది. కంప్యూటర్ మొహం నిన్నగాక మొన్న చూసిన మనిషి నాకు చెప్పేదేంటి? కానీ మూడుంపావు అయింది, వాదనకు టైం లేదు. అసలు ఫ్లాపీ కవరు విసురుగా చించాను. రూతమ్మ ట్రేలోంచి ప్లాస్టరు ముక్క కత్తిరించి, దాని గాటు మీద తానే అంటించింది. దానితోనే మిషన్ ఆన్ చేసి వెతికాను. ఆసుపత్రి కంప్యూటర్ శుభ్రంగా ఉంది. ఆమె నోరు మూయిద్దామని నా నకలును కూడా రెండో సందులో పెట్టి పరీక్షించాను. తెరమీద ఎర్ర గీత పడింది. వైరస్ నా ఫ్లాపీలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే తెచ్చాను సిస్టరమ్మా," అన్నాను.

"లోపలికి పోలేదు గదా. ముందు నా పట్టీ కాగితం మీద తీసియ్యి," అంది. ఒక్క మాట కూడా తిట్టలేదు. నెల్లూరు నుంచి తెచ్చిన కొత్త రిబ్బను ప్రింటర్‌కు ఎక్కించాను. అది గరగరమంటూ ఊరి వెనక ఊరు, పేరు వెనక పేరు అచ్చు వేసింది. ఆఖరి కాగితం చించుతుండగా కరెంటు పోయింది.

నేరుగా నెల్లూరు పోయే బస్సు దుత్తలూరు మీదుగా ఉంది. దాన్ని వదిలేసి ఆత్మకూరు బస్సెక్కాను. నడుస్తున్న మిషన్లో దూర్చిన నా నకలుకే అంటుకుందంటే మిల్లులో అది చావలేదన్నమాట, తెల్లారితే ఆ తారీఖే. ఏడింటికి మిల్లు గేటు దగ్గర నన్ను చూడగానే ఫోర్‌మన్ అందుకున్నాడు. "పొద్దున బాగుచేసినానని టీ తాగి పోతివే! మళ్ళా ఏంది?" తప్పు నాదేనని చెప్పాను. తిట్లు తిన్నాను. మిషన్ ఆర్పించి, ప్లాస్టరున్న ఫ్లాపీతో మొదట్నుంచీ మొదలుపెట్టి, పూర్తిగా శుభ్రమయ్యాకే లేచాను. ఈసారి టీ ఇవ్వలేదు.

మర్నాడు సాయంత్రం షాపుకు ఫోనొచ్చింది. "ఇద్దరొచ్చి రక్తం ఇచ్చినారు నాయనా. తల్లీబిడ్డా బాగుండారు," అంది రూతమ్మ. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "ఆ పాడు ఫ్లాపీని ఇంకెక్కడా పెట్టలేదు గదా?" అని అడిగింది. దాన్ని రాత్రే రెండు ముక్కలు చేసి పారేశానని చెప్పాను.

ఆ తర్వాత ఎన్నో ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు తిరిగాను. కాపాడటానికి వచ్చినవాణ్ణి కదా, నన్నెవరు అనుమానిస్తారనే పొగరు ఉదయగిరిలోనే వదిలింది. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా నన్ను లోపలికి పంపిస్తారే గానీ, రూతమ్మ అడిగిన ప్రశ్న ఎవరూ అడగరు. ప్లాస్టరున్న ఆ ఫ్లాపీ నా బల్ల మీదే ఉంది. కోటకు పోయేవాళ్ళు నెల్లూరులో పొద్దున్నే మొదటి బస్సెక్కండి, ఎండ ముదిరితే కొండెక్కలేరు. దోవలో ఎవరి కంప్యూటర్లోనైనా మీ పెన్‌డ్రైవ్ పెట్టాల్సొస్తే, ఇంతకు ముందు దాన్ని ఎక్కడ పెట్టారో వాళ్ళు అడగకముందే మీరే చెప్పండి.