చిటికెన వేలు పట్టిన సందు

పోయిన నెల డబ్లిన్‌లో మనవరాలి పుట్టినరోజుకి వచ్చిన అల్లుడి స్నేహితులు నలుగురు సోఫాలో చేరి, పాత బండిలోకి కొత్త ఇంజన్ ఎక్కించే వీడియో ఏదో ఫోన్‌లో చూస్తుంటే, కాఫీ కప్పులు తీయడానికి వెళ్ళిన నేనూ వంగి చూశాను. అందులో ఒకబ్బాయి మర్యాదగానే, "మీకిది బోర్ కొడుతుంది ఆంటీ, అంతా మెకానికల్ స్టఫ్," అన్నాడు. "గేర్‌బాక్స్ పాతదే ఉంచారా బాబూ?" అని అడిగి, అతను తేరుకునేలోగా కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఈ వయసులో ఇంత పొగరేమిటని పైకి లెంపలేసుకున్నాను గాని, లోపల పశ్చాత్తాపమేమీ కలగలేదు.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతాల మేము అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. నాది మావారి వీసా మీద వచ్చిన వీసా కనుక ఉద్యోగం చేయకూడదు. బస్సు లేదు, నడుద్దామంటే రోడ్డు పక్కన బాట లేదు. ఆ రోజులు చూసిన మీకు వేరే చెప్పేదేముంది. మా బావగారు కొత్త కారు కొనుక్కుని, తన పాత వ్యాను తన పేరునే ఉంచుకుని మమ్మల్ని వాడుకోమన్నారు. దాని తాళం చేతికొచ్చిన రోజునే నాకు అమెరికా వచ్చినట్టనిపించింది. పక్కింటి వదినగారినీ, కింది వాటాలోని బాలింతనూ, ఇంకా వరుస కలుపుకున్న నలుగురైదుగురినీ లైబ్రరీకీ, పిల్లల డాక్టరుకీ, శనివారం గుడికీ తిప్పుతూ ఏడాదిన్నర హాయిగా గడిపాను. అప్పుడు ఒకనాడు నడిరోడ్డు మీద ఇంజన్ లోపల ఏదో విరిగి వ్యాను ఆగిపోయింది.

బావగారు తుక్కుకి ఇచ్చేద్దామన్నారు. గేర్‌బాక్స్ మాత్రం బంగారంలా ఉంది. దగ్గర్లోనే పిస్కాటవేలో గ్యారేజీ నడిపే మా పెద్దమ్మ కొడుకు, వెనకనుంచి ఎవరో గుద్దేసిన కొత్త మోడల్ బండి ఇంజన్ చెక్కుచెదరకుండా తన దగ్గర ఉందనీ, పాత గేర్‌బాక్స్‌కి అతికించి చూద్దామనీ అన్నాడు. ఆ మంచి మనసుకి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. శని, ఆదివారాలే అతనికి తీరిక. సోమవారం తుక్కువాళ్ళు వస్తారనీ, ఈలోగా నడిస్తే సరేననీ బావగారు గడువు పెట్టారు.

నేను బడిలో నిలకడగా చదివినదాన్ని కాను. నాన్నగారు ఊరూరా ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తూ తిరిగేవారు; మమ్మల్నీ వెంటబెట్టుకుని, రాత్రికి అక్షరాలూ లెక్కలూ ఇంట్లోనే చెప్పేవారు. బోల్టు ఉన్నది పట్టి ఉంచడానికే గాని లాక్కురావడానికి కాదని ఆయన చెప్పిన మాట నాకు పెద్దబాలశిక్ష లాంటిది. ఆ వారమంతా పూజయ్యాక లైబ్రరీ నుంచి తెప్పించుకున్న రిపేరు పుస్తకం ముందేసుకుని, నాకొచ్చిన ఇంగ్లీషుతోనే గేర్‌బాక్స్ అధ్యాయం నాలుగుసార్లు చదివాను.

శనివారం పొద్దున్నే నేనూ అన్నయ్య గ్యారేజీకి వెళ్ళాను. మధ్యాహ్నానికి ఇంజనూ గేర్‌బాక్సూ కలిశాయి, చుట్టూ రంధ్రాలు చక్కగా సరిపోయాయి. ఇక ఇంజన్ తిప్పే పలకకీ, ఆ తిరుగుడుని గేర్‌బాక్స్‌కి అందిస్తూ దాని ముందు గుమ్మడికాయలా కూర్చునే కన్వర్టర్‌కీ బోల్టులు బిగించాలి. లిఫ్ట్ మీదున్న బండి కిందికెళ్ళి చూస్తే ఆ రెండింటి మధ్య సందు ఎక్కువనిపించింది.

"కొంచెం ఎడంగా ఉందిలే చెల్లెమ్మా, టైట్ చేస్తే అదే వచ్చి కూర్చుంటుంది," అన్నాడు అన్నయ్య.

"బిగించెయ్ బాబూ, ఎలాగూ సోమవారం పోయే బండే," అన్నారు చూడ్డానికొచ్చిన బావగారు.

మా అత్తవారింటి పద్ధతి ప్రకారం బావగారి ఎదుట నేను నోరు విప్పింది లేదు. ఏం చెప్పాలన్నా మావారితో అనేదాన్ని, ఒకే గదిలో ముగ్గురమూ ఉన్నా ఆయనే అన్నగారికి చేరవేసేవారు. ఆ రోజు మావారు ఆఫీసులో ఉన్నారు. నా మాట మోసేవాళ్ళు లేరు. నేను చెయ్యి పైకెత్తి, ఆ సందులో చిటికెన వేలు పెట్టాను.

"బిగిస్తే నా వేలితో కలిపి బిగించు అన్నయ్యా."

"ఏంటమ్మా ఈ మొండితనం? నువ్వేమన్నా ఇంజనీరువా?" అన్నారు బావగారు.

"కాదండీ బావగారూ. కానీ ఇక్కడ రెండు రూపాయి బిళ్ళల మందం సందుండాలండీ, నా వేలు పడుతోంది. లాగి బిగిస్తే కన్వర్టర్ ముందుకొచ్చేసి వెనక గేర్‌బాక్స్‌లోని ఆయిల్ పంపు విరుగుతుంది. అప్పుడు బంగారంలాంటి గేర్‌బాక్స్ కూడా తుక్కేనండీ."

వేలు మాత్రం తీయలేదు. అన్నయ్య టార్చి వేసి చూసి, పాత విడిభాగాలమ్మే ఆయనకి ఫోన్ చేశాడు. అవతలాయన అడిగిన మొదటి ప్రశ్నే, మధ్యలో రింగు వేశారా అని. కొత్త ఇంజన్ ఇరుసు కొస పాతదానికంటే కాస్త లోపలికి ఉంటుందట. ఆ తేడాకి వేలిమందం రింగొకటి, పొడుగు బోల్టులూ వేయాలట. ఆ సంగతి నాకూ తెలియదు. అంత సందు ఉండకూడదని మాత్రమే తెలుసు.

"గేర్‌బాక్స్ దించాలిరా దేవుడా మళ్ళీ," అని నవ్వాడు అన్నయ్య. దించి, ఆయన దగ్గర తెచ్చిన రింగు వేశాడు కూడా. యాక్సిలరేటర్ మీద కాలి బరువెంతో గేర్‌బాక్స్‌కి తెలియజేసే ఉక్కు తీగ కొత్త ఇంజన్‌కి అమరడానికి చిన్న కొక్కెమూ తయారుచేశాడు. ఆదివారం సాయంత్రం బోల్టులు చేతివేళ్ళతోనే తిరిగాయి. మనసులోనే దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాను. రివర్స్‌లో వేస్తే వెనక్కి, డ్రైవ్‌లో వేస్తే ముందుకి, కుదుపన్నది లేకుండా కదిలింది. ఆ పూట మళ్ళీ వచ్చి అంతవరకూ చేతులు కట్టుకుని నిలబడ్డ బావగారు పక్క తలుపు తీసి కూర్చుని, నాకేసి చూడకుండా, "అమ్మాయ్, నన్ను కూడా ఇంటిదగ్గర దింపెయ్," అన్నారు. అప్పటినుంచీ మా మధ్య మావారి మోత అక్కర్లేకపోయింది.

ఆ వ్యాను మరో ఆరేళ్ళు తిరిగింది. అప్పుడు మేమున్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఇప్పుడు ఆడపిల్లలందరికీ ఎవరి కారు వాళ్ళకుంది, చాలామందికి ఉద్యోగాలూ ఉన్నాయి. అందుకు భగవంతుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. అయినా ఒక్కో కారులో ఒక్కో మనిషి వరసగా వెళుతుంటే, ఏడుగురం ఇరుక్కుని, పాడుకుంటూ, పోట్లాడుకుంటూ గుడికెళ్ళిన శనివారాలు గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లుతాయి. కానీ ఆ రోజులే బాగుండేవని నా ఈడువాళ్ళు ఎవరైనా నిట్టూరిస్తే మాత్రం ఒప్పుకోను. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, ఎవరైనా తీసుకెళతారేమోనని ఎదురుచూసినదాన్ని నేను.