గేదె దుంప

బీట్‌రూట్ చెక్కు తీస్తుంటే వచ్చే తడిమన్ను వాసన చాలామందికి నచ్చదు. నాకు మాత్రం అది తగిలితే చాలు, రొంపిచెర్ల దగ్గర మా అత్తగారి ఊళ్ళో పక్కింటి కోటమ్మత్త గుర్తొస్తుంది. చుట్టరికం లేదు, పిలుపు వరసే. నోరు పెద్దది, ఆ నోటికి మా వీధి వీధంతా జడిసేది.

ఎనభైల్లో నేను ఆ ఊరికి కొత్త కోడలిగా వెళ్ళిన ఏడాదే వానలు మొహం చాటేశాయి. వామిలో జొన్నచొప్ప అడుగంటుతోంది. "వేసవి దాకా దీన్ని మేపలేం, సంతకు తోలేద్దాం" అన్నారు మామగారు, చూడి గేదెను చూపించి. ఆ ఇంట్లో నాకు మొదట చనువైంది ఆ గేదెతోనే. పెరట్లో నిలబడి ఏడుస్తుంటే కోటమ్మత్త గోడ మీంచి చూసింది. పశువుల డాక్టరు ఇచ్చిపోయిన విత్తనాల పొట్లం ఒకటి ఆమె దగ్గరుంది. పశువుల మేతకు పెంచే బీట్‌రూట్ అట. తర్వాత ఊళ్ళో అందరూ దాన్ని గేదె దుంప అన్నారు.

"ఏడిస్తే గడ్డి మొలుస్తదంటే నేనూ ఏడుస్తా. రా, నారు పోద్దాం" అంది. మామగారితో తనే మాట్లాడి శివరాత్రి దాకా గడువు తెచ్చింది. ఉన్న చొప్పనే పొదుపుగా వేస్తూ నెట్టుకొచ్చాం.

పొట్లం చిన్నది. నేరుగా చేలో చల్లితే సగం పోతుందని, మిరపనారు పోసినట్టే మడి కట్టింది. ఒక్కో గింజకు రెండు మూడు మొలకలు వచ్చాయి, ఒక్కటీ పారెయ్యనివ్వలేదు. నెల దాటాక బావి నీళ్ళు పారే చేలో నాటడం మొదలుపెట్టాం. మిరప నాటిన చెయ్యి కదా నాది, బొటనవేలితో మొక్కను గుచ్చుకుంటూ పోయాను.

"ఏందే ఆ గుచ్చుడు? మిరపకాయ పైన కాస్తది. ఇది వేరులోనే ఊరాల. వేరు మడతపడితే ఇంక దుంపేడది?" అంటూ పుల్లతో లోతుగా గుంట చేసి, వేరును నిలువుగా దించి చూపించింది.

అప్పటికే రెండు సాళ్ళు నాటేశాను. నడుం పడిపోతోంది. ఆమె అటు తిరగ్గానే వాటిని అలాగే వదిలేసి, మూడో సాలు నుంచి పుల్ల పట్టాను.

శివరాత్రికి ముందు తవ్వాం. ఒక్కోటి చెంబంత దుంప. మామగారు ఒకదాన్ని చేత్తో ఎత్తి చూసి, "చానా బరువుందే!" అన్నారు. తరిగి వేస్తే గేదె తొట్టి కూడా నాకేసింది. ఆయన సంత మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

ఆ రెండు సాళ్ళు మాత్రం ఎవరూ చూడనప్పుడు తవ్వుదామనుకున్నాను. కోటమ్మత్తే గడ్డపలుగు పట్టుకొచ్చింది. ఒక్కటీ దుంపలా లేదు. మెలికలు తిరిగిన వేళ్ళు, వాటికి గుప్పెడు కండ. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నీకు ముందే తెలుసా అత్తా?"

"నాటిన రోజే తెలుసు."

"మరి పీకించలేదేం?"

"పీకిస్తే నామీద కోపమొచ్చేది, పని ఒంటబట్టేది కాదు. నీకు చెప్పేవాళ్ళు ఇంటికాడ చానామంది ఉన్నారుగా. చూసి తెలుసుకునే సందు ఒకళ్ళన్నా ఇయ్యాల."

ఆ వంకర వేళ్ళనూ కడిగి, తరిగి గేదెకే వేసింది.

ఆ తర్వాత నా దగ్గర ఎంతోమంది పని నేర్చుకున్నారు. ఎవరైనా తప్పు చేస్తుంటే నోటిదాకా వచ్చిన మాటను మింగడం నాకిప్పటికీ కష్టమే. పెద్ద నష్టం లేని చోట మింగుతాను. వాళ్ళు తవ్వి చూసుకునే రోజున మాత్రం, గడ్డపలుగు పట్టుకొని పక్కనే ఉంటాను.