ఉప్పునీళ్లలో ముంచిన సాక్ష్యం

సాక్ష్యాన్ని బకెట్లో ముంచి, పిండి, తీగె మీద ఆరేసిన మనిషి గురించి ఎక్కడన్నా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ మనిషిని నేనే.

మా మనుమరాలు స్రవంతి హైదరాబాద్‌లో వకీలు. హత్యలు, విడాకులు కాదు, వ్యాపార తగాదాలు చూస్తుంది. సరుకు ఇచ్చినాయన ఒకటంటే తీసుకున్నాయన ఇంకొకటంటడు కదా, అవి. ఇట్లాంటివాటిలో కోర్టుకెక్కక ముందే ఇద్దరినీ ఒక మధ్యవర్తి ముందు కూర్చోబెడతారు. మాట కుదిరితే అక్కడికక్కడే తెగిపోతుంది.

సీనియర్ పక్కన లేకుండా స్రవంతి ఒక్కతే పట్టిన మొదటి కేసు ఇది. రామన్నపేట నరసింహ నేసిన చీరలను నల్లగొండ దుకాణమాయన కొన్నోళ్లు ‘రంగు పోతాంది’ అంటున్నరని, మిగిలినవన్నీ వాపస్ పంపిండు. ఆ మాట పాకి, ఇంకెవరూ తీసుకుంటలేరు. నరసింహ మగ్గం ఆగింది. మధ్యవర్తి ముందు పరీక్ష చేద్దామని ఒక కొత్త చీరకు చీటీ గుచ్చి, రెండు దిక్కులవాళ్లూ సంతకాలు పెట్టిన్రు. స్రవంతి దగ్గర ఉంచడానికి అవతలి వకీలు కూడా ఒప్పుకున్నడు. అంత నమ్మకం.

ఆ పరీక్షకు ముందురోజు పొద్దున స్రవంతి చిట్యాలలో మా ఇంటికొచ్చి, సంచి మంచం మీద పెట్టి, నరసింహను కలవడానికి పోయింది. సంచిలోంచి దానిమ్మ రంగు అంచు కనిపించింది. నా పుట్టినరోజుకు చీర తెస్తానన్నది కదా, అదే అనుకున్న! చీటీ ధరది అనుకున్న. కళ్లద్దాలేమో వంటింట్లో ఉన్నయి. ‘ప్రశ్న రెండుసార్లు చదివినంకనే జవాబు రాయాలె’ అని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన నేను ఒక్కసారన్నా చదవలేదు.

మాదీ మగ్గమున్న ఇల్లే. కొత్త నూలు చీరను ఉప్పునీళ్లలో ముంచకుండా మా ఇంట్లో ఎవరూ కట్టరు. చీటీ పీకి ముంచిన. మొదటి నీళ్లు ఎర్రగా వచ్చినయి, జామచెట్టుకు పోసిన. రెండో నీళ్లు తేటగా ఉన్నయి. ఆరేసిన.

మధ్యాహ్నం స్రవంతి గేటు కాడనే నిలబడిపోయింది.

“అవ్వా, గదేంది తీగె మీద?”

“నా చీరనే బిడ్డా. మంచిగుంది.”

“గది చీర కాదవ్వా, సాక్ష్యం!”

సంగతంతా చెప్పింది. “జర గంజి పెట్టి ఇస్త్రీ చేస్త. చీటీ మళ్ల గుచ్చుదాం. ఎవరికి తెలుస్తది?” అన్న.

స్రవంతి నా దిక్కు చూసింది. “మాకు నువ్వు చెప్పిన పాఠం గిదేనా అవ్వా?”

ఆమె అవతలి వకీలుకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. మరునాడు నల్లగొండల మధ్యవర్తి దగ్గరికి నేనూ పోయిన.

“సాక్ష్యాన్ని ఉతుక్కొని తెచ్చిన్రా? గిదేం వకాల్తమ్మా!” అని దుకాణమాయన లేచిండు. స్రవంతి తలొంచుకుంది.

బడిపిల్లలెక్క నేనూ లేచి నిలబడ్డ. “తప్పు నాది. మొదటి నీళ్లలో రంగొచ్చింది. రెండోసారి రాలే.”

“చూసిన్రా! రంగొచ్చిందని వాళ్లే అంటున్నరు!” అని దుకాణమాయన మధ్యవర్తి దిక్కు తిరిగిండు.

నరసింహ మొహం వాడిపోయింది. “ఎక్కువైన రంగు మొదటిసారి ఎట్లయినా దిగుతది టీచరమ్మా. మేం ఉప్పునీళ్లలో ముంచే కడతం.”

“మరి గా ముక్క నాకు చెప్పినవా? కొన్నోళ్లంతా సబ్బుపొడిల మిగతా బట్టలతోని కలిపి నానబెట్టిన్రు!”

“అందరికీ తెలుసనుకున్న సేటూ.”

మధ్యవర్తి బకెట్, ఉప్పు తెప్పించిండు. నరసింహ వెంట తెచ్చిన వాపస్ మూటలోంచి, ఉతకని ఇంకో చీర తీసిండు. ముంచే పని నాకే పడింది. మొదటి నీళ్లు ఎరుపు. రెండోసారి దుకాణమాయన తనే వంగి చూసిండు. తేట! సాయంత్రానికి సంతకాలైనయి: ప్రతి చీరనూ నరసింహ ముంచి ఆరేసినంకనే ఇయ్యాలె, దుకాణం మొత్తం తీసుకోవాలె.

తిరుగు బస్సు చిట్యాల దగ్గరపడ్డంక స్రవంతి నా భుజం మీద తల పెట్టింది.

ఇప్పుడు మా ఇంటికి వస్తే తన సంచి మీద ఒక చీటీ అంటించుకొని వస్తుంది. ‘సాక్ష్యం. ఉతకరాదు.’ పెద్ద అక్షరాలు, కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. కళ్లద్దాలు లేకున్నా కనబడేటట్టు రాయడం దానికి నేర్పింది కూడా నేనే.