సున్నా చూపించే మీటరు

మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మా పట్టాభిరామ్ స్టేషన్లో బండి కోసం నిలబడి ఉన్నాను. చేసింది ఆయన కూతురు, మా వదిన. "నాయన పోయినాడబ్బా" అంది. నేను ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ పెట్టేసి, నా అంతట నేనే వదిన నంబరుకి మళ్ళీ చేశాను. పక్కనుండి ఎవరైనా చూసి ఉంటే వీడేం మనిషి అనుకుని ఉంటారు. ఏం చేయను, అది మామ నేర్పిన చదువు. "వచ్చిన ఫోను నమ్మొద్దు, నువ్వు చేసిన ఫోను నమ్ము" అనేవాడు. వదిన వెంటనే ఎత్తింది. "నువ్వు మళ్ళా చేస్తావని తెలుసు. అందుకే ఫోను చేతిలోనే పెట్టుకోనుండా" అని బావురుమంది. అప్పుడు నమ్మాను. నమ్మాక, ఎక్కాల్సిన బండి వదిలేసి తిరుత్తణి వెళ్ళే బండి వైపు నడిచాను.

మా మామ తిరుత్తణిలో కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు మీటరు బోర్డు వంక ఒక చూపు, తర్వాతే ఇంట్లోవాళ్ళకి పలకరింపు. పాలవాడు నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. పెళ్ళి భోజనంలో గారె రెండోసారి వేస్తే, "ఇంతగా వేస్తా ఉండాడంటే సాంబారు అయిపోయిండాది" అనేవాడు. చాలాసార్లు అయిపోయే ఉండేది కూడా!

ఆ మనిషి జీవితంలో అనుమానం లేకుండా నమ్మింది ఒక్క మా అత్తని. అత్త మావాళ్ళ పెళ్ళిళ్ళలో నలుగు పాటలు పాడేది. పెళ్ళికూతురిని పీట మీద కూర్చోబెట్టి నలుగు పెట్టేటప్పుడు, అత్తిమంజేరిపేట నుంచి తిరువళ్ళూరు దాకా, అత్త రాకపోతే ఆ పీట కదిలేది కాదు. ఇప్పుడు అరవ బళ్ళో చదివే మా పిల్లలకి ఆ పాటలు రావు, తెలుగు చదవనే రాదు. కెమెరా అంటే మాత్రం అత్తకి సిగ్గు. అటు వీపు పెట్టి కూర్చునేది. రేషన్ కార్డులో ఉన్న ఫొటో చూస్తే ఎవరో తరుముతుంటే పరిగెత్తి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె పోయాక చూసుకుంటే ఇంట్లో ఆమె గొంతు ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా ఊళ్ళోవాళ్ళ పెళ్ళి వీడియోల్లో, జనం గోల వెనకాల. ఆ సీడీలేమో బీరువాల్లో బూజు పట్టిపోతున్నాయి. ఆ గొంతు పూర్తిగా పోయేలోపు పట్టుకోవాలన్నదే మామకి మిగిలిన ఒకే ఒక్క పని.

సంచీ తగిలించుకుని బయలుదేరాడు. కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ఒక ఇల్లు, అత్తిమంజేరిపేటలో నాలుగిళ్ళు, ఎక్కడికి పోయినా ఒకటే మాట: "మీ పెళ్ళి సీడీ ఒక తూరి ఇస్తారా?" భార్య పోయిన మనిషి ఊరూరా తిరిగి పెళ్ళి సీడీలు అడుగుతుంటే జనం ఊరుకుంటారా? అత్తిమంజేరిపేటలో మా పెద్దమ్మ అయితే మొహం మీదే అడిగేసింది. "ఏం తమ్ముడా, ఈ వయసులో యాడన్నా సంబంధం చూసుకుంటా ఉండావా?" జీవితమంతా లోకాన్ని అనుమానించిన మామని ఆ రోజు లోకం అనుమానించింది. ఆయన నొచ్చుకోలేదు. "అడగడంలో తప్పేముంది, నేనైనా అడిగుంటా" అన్నాడు. సీడీ మాత్రం పట్టుకునే వచ్చాడు.

వీటన్నిటినీ ఒకచోట దాచి, ఇంట్లో ఏ టీవీలోనైనా పెట్టి చూసుకునే పెట్టె, అదే మీడియా సర్వర్, ఇంట్లోనే పెట్టుకుందామన్నాడు. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చు కదా మామా అన్నాను. "బీరువా ఎవడింట్లోనో పెట్టి, తాళం నా మొలలో ఉండాదని నిద్రపొమ్మంటావా?" అన్నాడు.

సామాను కొనడానికి తిరువళ్ళూరు వెళ్ళాం. ఆఫీసులో వాడి తీసేసిన చిన్న కంప్యూటర్ ఒకటి చాలన్నాను. వీడియో ఆడించే పని అందులోని ప్రాసెసరే చేసుకుంటుంది, వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మామకి అవేవీ పట్టలేదు. "పగలూ రేయీ తిరిగేది, ఎంత కరెంటు తాగతాది?" అదే ప్రశ్న. కొలిచే ప్లగ్గు ఒకటి సంచీలోంచి తీసి, కొట్టువాడి ఎదుటే తగిలించి కూర్చున్నాడు. ఫ్యాను దగ్గర చెవి పెట్టి విన్నాడు. యూపీఎస్ బరువు చేత్తో ఎత్తి చూశాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

అసలు గొడవ హార్డ్ డిస్కుల దగ్గర. మొదటి కొట్లో "ఎన్నేళ్ళు వస్తాదప్పా?" అని అడిగాడు. "పదేళ్ళు కళ్ళు మూసుకుని వాడండి సార్" అన్నాడు అతను. మామ లేచి బయటికి వచ్చేశాడు. "కళ్ళు మూసుకోమనే వాడి దగ్గర ఏం కొంటాం?" రెండో కొట్టాయన మాత్రం తల గోక్కున్నాడు. "తెలీదు సార్. ఏళ్ళకేళ్ళు రావచ్చు, రేపే పోనూ వచ్చు. పోతే కష్టమయ్యే సామాను అయితే రెండు డిస్కుల్లో పెట్టుకోండి." మామ నా వైపు తిరిగాడు. "తెలీదన్నాడు చూడు, ఈయన దగ్గర కొందాం" అన్నాడు.

అక్కడే నేను నోరు జారాను. డిస్కు పుట్టినప్పటి నుంచి ఎన్ని గంటలు తిరిగిందో అందులోనే లెక్క ఉంటుంది మామా, కంప్యూటర్లో చూడొచ్చు అన్నాను. మామ మొహం వెలిగిపోయింది. "దీనికీ మీటరుండాదా!" అన్నాడు. ఇంకేముంది, కొట్లో ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటి తగిలించి రీడింగు చూపించాల్సిందే. పాత డిస్కు ఒకటి బాగా తిరిగినట్టు చూపించింది. సీలు విప్పిన కొత్త డిస్కు సున్నా చూపించింది. మామ కళ్ళు చికిలించాడు.

"సున్నానా? సున్నా చూపించే మీటరు ఉండే ఇంటిని రెండు తూర్లు చూడాల."

"కొత్తది మామా! కొత్తది సున్నా కాక ఇంకేం చూపిస్తుంది?"

"నువ్వు చుమ్మా ఉండు, మాట్లాడబాక. మీటరు వెనక్కి తిప్పినోళ్ళను ఎంతమందిని చూసినా! ఈ పాతది చూడు, ఇన్ని గంటలు పని చేసినానని నిజం చెప్పతా ఉండాది. దీన్ని నమ్మొచ్చు."

కొట్టాయన, నేను ఎంత చెప్పినా వినలేదు. నిజం చెప్పిన పాత డిస్కుని సర్వర్లో పెట్టించాడు. సున్నా డిస్కుని రెండోదిగా, అయిష్టంగానే తీసుకున్నాడు. దాన్ని చిన్న పెట్టెలో బిగించి తెచ్చి మా ఇంట్లో టీవీ వెనక పెట్టాడు. "ఈ దొంగ నా కళ్ళ ముందర వద్దు. ఈడ్నే ఉండనీ, తీయబాకండి" అన్నాడు.

తర్వాత నెలనెలా వచ్చేవాడు. తిరుత్తణిలో బండెక్కి, సంచీతో పట్టాభిరామ్‌లో దిగి, "రీడింగు తీసుకోను వచ్చినా" అంటూ లోపలికి వచ్చేవాడు. సంచీలోంచి ఏదో తీసి పెట్టెకి తగిలించి, కాఫీ తాగి, మా మీటరు బోర్డు కూడా ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. అందులో ఏముందంటే చెప్పడు. "రెండోది ఉండాదని తెలిస్తే మొదటిదాన్ని ఎవురూ భద్రంగా చూసుకోరు" అని మాత్రం అన్నాడు. మా ఆవిడకి అది కెమెరా అని గట్టి అనుమానం. "మీ మామ మన మాటలన్నీ వింటా ఉండాడు, చూసుకోండి" అని దాని మీద తువ్వాలు కప్పేది. అయినా ఆయుధ పూజ నాడు దానికీ కుంకుమబొట్టు పెట్టింది.

మామ పెద్దకర్మ నాడు చుట్టాలంతా తిరుత్తణిలో చేరారు. భోజనాలయ్యాక పెద్దమ్మే అంది. "పాపం, వాడు ఊరూరా తిరిగి చేర్చినాడే, మీ అమ్మ పాట ఒక తూరి పెట్టమ్మా." వదిన టీవీ పెట్టింది. తెర మీద ఏమీ రాలేదు. సర్వర్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. నిజం చెప్పే డిస్కు చచ్చిపోయింది. సీడీలన్నీ కాపీ చేసుకుని మామ ఎప్పుడో ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాడు, అవి ఇప్పుడు ఆడతాయన్న నమ్మకం లేదు. "నాయనతో పాటే అమ్మ కూడా పాయె" అని వదిన గోడకి జారగిలబడింది. నాకు మా టీవీ వెనక తువ్వాలు కింద ఉన్న దొంగ గుర్తొచ్చాడు. గుర్తొచ్చినా నోరు విప్పలేదు. అందులో ఏముందో చూడకుండా ఆశ పెట్టడానికి భయమేసింది. నేనూ ఆయన మేనల్లుడినే కదా.

ఆ రాత్రే ఇంటికొచ్చి, తువ్వాలు తీసి అందులో ఏముందో చూసుకున్నాను. మర్నాడు ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని తిరుత్తణి బండెక్కాను. వదిన ఇంట్లో టీవీకి తగిలించాను. కుంకుమబొట్టు ఇంకా దాని మీదే ఉంది. ఆ సున్నా డిస్కు చప్పుడు చేయకుండా తిరిగింది. ఊళ్ళ పేర్లతో వీడియోలన్నీ వరసగా వచ్చాయి. వదిన రిమోటు నా చేతిలో పెడితే నేనే కనకమ్మ సత్రం పెళ్ళి నొక్కాను.

పీట మీద పెళ్ళికూతురు, చుట్టూ ఆడవాళ్ళు. మాకు వీపు పెట్టి మా అత్త. పాట ఎత్తుకుంది. ఒక్క చరణం అయ్యిందో లేదో, కెమెరా పక్క నుంచి మగ గొంతు, మా మామ గొంతు, గట్టిగా వినిపించింది.

"ఏమప్పా, ఇది నిజంగా రికార్డు అవతా ఉండాదా? ఎర్ర లైటు వెలగలేదే?"

"అవతా ఉండాది సార్, కూచోండి."

"నీ మాట కాదు, ఒక తూరి వెనక్కి తిప్పి చూపించు."

ఆడవాళ్ళంతా నవ్వారు. అత్త పాట ఆపి, పసుపు చేయి ఎత్తి, ఈ వైపు తిరిగింది. కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయి నిండు మొహంతో నవ్వుతూ మామని కసిరింది.

"అవతా ఉండాదంటా ఉండాడు కదా, నమ్మండి!"