రెండు జానలు దాటిన చక్రం

మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర కారు ఆపాను. పక్కనే ఒక పాత లారీ వచ్చి ఆగి, నల్లటి డీజిల్ పొగ మా మీదికి వదిలింది. నా కూతురు ముక్కు మూసుకుంది. నేనేమో తల బయటికి పెట్టి దాని చక్రం చూశాను. ఏ లారీ కనబడినా ముందుగా దాని చక్రం వంక చూడటం బాలమణక్క నాకు అంటించిన జబ్బు. ఆ పొగతో పాటే శ్రీను మీద పాత కుళ్ళు కూడా పైకి తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళయినా అది చావలేదు, ఏం చేయను?

తొంభైల చివరి రోజులవి. ఈ చుట్టుపక్కలంతా బండలు పేల్చి అద్దాల మేడలు లేపడం అప్పుడప్పుడే మొదలైంది. బాలమణక్క మా కొత్తగూడ మనిషే. ఆ మేడలకు ఇసుకా కంకరా తోలించేది. వెడల్పాటి చేతులు, నోట్లో ఎప్పుడూ వక్క, మాటకు ముందు వెటకారం. నేను ఆమె వాకిట్లో పెరిగి, ఆమె ట్రాలీ ఆటో నడుపుతూ ఉండేవాణ్ణి. అప్పుడు గుడివాడ వైపు నుంచి శ్రీను అనే డ్రైవరు దిగాడు. ఇస్త్రీ చొక్కా, మాటకో 'అండీ'. నన్ను 'అరే నర్సిగా' అని పిలిచే అక్క అతన్ని 'శ్రీనుగారు' అనేది. వచ్చి నెల తిరక్కుండానే గారు! ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

ఆ రోజుల్లోనే అక్క జీడిమెట్లలో ఎవరి దగ్గరో ఒక పాత లారీ కొన్నది. ముక్కు మీద కంపెనీ పేరు ఊడిపోయింది. వెనక తొట్టి కోసేసి పొట్టిగా చేశారు. రంగు మీద రంగు పూసి ఉంది. కాగితాలింకా చేతికి రాలేదు. అది ఎంత బండో ఎవరికీ తెలియదు. సరుకుతో కలిపి ఏడున్నర టన్నుల లోపు బండి అయితే నా చిన్న లైసెన్సు చాలు, స్టీరింగు నాది. అంతకు మించితే పెద్ద లైసెన్సు కావాలి. అది శ్రీను దగ్గర ఉంది, 'మీడియం గూడ్స్' అని పాత ముద్ర వేసి మరీ. ఆ లారీ చిన్నదే కావాలని నేను పోచమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నాను.

"చిన్న బండే అక్కా. తొట్టి చూడరాదు, నా ట్రాలీకి అన్న లెక్కుంది," అన్నాను.

శ్రీను నవ్వాడు. "తొట్టి చూసి చెప్పేస్తే ఎలాగండీ నర్సింహగారూ? కింద స్ప్రింగు కట్టలు చూడండి, ఎంత దిట్టంగా ఉన్నాయో."

"నిన్నెవరన్న అడిగిన్రా?"

"ఇద్దరు జర నోర్లు మూస్తరా?" అని అక్క కొంగు నడుముకు చెక్కి దుమ్ములో కూర్చుంది. టైరు వదిలేసి, లోపలి ఇనుప చక్రానికి అడ్డంగా జాన పెట్టింది. ఒక జాన. రెండో జాన. అయినా ఇనుము ఇంకా మిగిలింది.

"చిన్న బండి చక్రం నా రెండు జానల్లనే ఒడుస్తది. ఇది దాటింది. తొట్టి కోసిన్రు గని చక్రం కొయ్యలే గద. ఇది మీడియం లారీ," అంటూ లేచింది. నడుముకు ఎర్రదారంతో కట్టుకున్న తాళంచెవి విప్పి, శ్రీను అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైనుంచి తట్టింది. ఆ తట్టు నా చెంప మీద పడ్డట్టే అయింది.

"నాకెందుకియ్యవక్కా? సైట్ల నడుమనే గద తిరిగేది, ఎవడు చూస్తడు?"

"ఎవడో చూస్తడని గాదురా. రేపు ఎవనికన్న తగిల్తే నిన్ను జైల్ల పెడ్తరు. మీ అమ్మకు నేనేం మొకం సూపాలె? చిన్న లైసెన్సుకు ఏడాది నిండింది గద. పోయి ఎల్ఎల్ఆర్ తీస్కో. ఈయన నేర్పుతడు."

ఈయన! లారీకి ఎల్ బోర్డు కట్టి, శ్రీనును పక్కన కూర్చోబెట్టుకుని నేను నేర్చుకోవాలి. బాగా నేర్పాడు కూడా, అదే నా ఏడుపు. చెడ్డగా నేర్పితే తిట్టుకోవడానికైనా వీలుండేది. "క్లచ్చి నెమ్మదిగా వదలండి. కోపం నామీద కదండీ, బండేం చేసింది?" అనేవాడు.

చివరికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు రివర్సు తీసి చూపించి, పాసయ్యాను. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఈల వేసుకుంటూ అక్క వాకిట్లోకి వస్తే, అక్కడ బంతిపూల దండతో ఇంకో లారీ, కొత్తది! స్టీరింగు ముందు శ్రీను.

అక్క నా లైసెన్సు రెండు వైపులా తిప్పి చూసింది. "శభాష్ రా నర్సిగా! ఇగ పాతది నీదే. కొత్తగ చేపిచ్చిన తాళంచెవి గోడకు కొట్టిన మొలకు తగిలిచ్చిన, తీస్కో. ఎర్రదారం తాళం శ్రీనుగారి తాననే ఉండనీ. నువ్వు రాని దినం ఆయన నడుపుతడు."

అతనికి అరచేతిలో పెట్టింది, నాకు గోడ చూపించింది. 'నువ్వు రాని దినం' అన్న ఆ మాట చెవిలో పడ్డాక, జ్వరం వచ్చినా నేను పని మానలేదు. అక్క కావాలనే అన్నదేమో నాకు తెలియదు. అడిగితే వక్క నమిలి నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు నాకూ సొంత లారీలున్నాయి. పనికి వచ్చినవాణ్ణి ముందుగా చక్రం దగ్గర కూర్చోబెట్టి, ఇది ఎంత బండి, దీనికి ఏ లైసెన్సు కావాలి అని అడుగుతాను. ఆ లైసెన్సు లేకపోతే, ఎంత దగ్గరివాడైనా బండి ఇవ్వను. ఉంటే తాళంచెవి అరచేతిలో పెట్టి ఇస్తాను.

అక్క పోయింది. ఆ లారీ తుక్కు కిందికి పోయింది. ఎర్రదారం తాళంచెవి మాత్రం మణికొండలో శ్రీను ఇంట్లో, దేవుడి పటాల పక్కన వేలాడుతోంది. కిందటి దసరాకు భోజనానికి పిలిచినప్పుడు చూశాను. నేను తినడం మానేసి దాని వంకే చూస్తున్నానని కనిపెట్టాడు.

"తీసుకోండి నర్సింహగారూ. మీ అక్కది కదా," అని తీసి చేతికి ఇవ్వబోయాడు.

వద్దన్నాను. అక్క ఇవ్వాల్సింది శ్రీను ఇస్తే ఎట్లా తీసుకుంటాను?