మందపాటి గీత కింద మిల్లు వీధి

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నన్ను 1981 జూన్‌లో రాష్ట్ర హైవే శాఖ డ్రాయింగ్ రూమ్ నుంచి శాసనసభ పటాల విభాగానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. అక్కడ పదేళ్ళకోసారి జనాభా లెక్కలు వచ్చాక రాష్ట్రాలు కాంగ్రెస్‌కు, అంటే ఆ దేశ పార్లమెంటుకు, సభ్యుల్ని పంపే తమ నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీసుకుంటాయి. ఎక్కడ గీయాలో నాయకులు చెబుతారు, మాలాంటివాళ్ళు గీస్తారు.

మా దగ్గర రెండు రకాల పటాలుండేవి. ఇల్లిల్లూ కనిపించే పెద్ద స్కేలు షీట్లు సొరుగుల్లో ఉండేవి. జనానికి చూపేది మాత్రం రాష్ట్రమంతా ఒకే కాగితంలో ఇమిడే గోడపటం. దాని మీద హద్దును లావుపాటి పాళీతో గీయమన్నాడు మా చీఫ్. వెనక వరసల వాళ్ళకీ కనబడాలట! ఆ స్కేలులో ఆ గీత మందం దాదాపు అర మైలు.

ఆ అర మైలులోనే మిల్లు వీధి ఉంది. అక్కడ ఉండేది ఎక్కువగా నల్లజాతి కార్మికులు, ఓట్లన్నీ ఒక్క మాట మీద వేసేవాళ్ళు. అది సిట్టింగ్ సభ్యుడికి మింగుడు పడలేదు. అందుకే ఆ ఓట్లు చీలేలా హద్దును వీధి నడిమధ్య నుంచి పోనిచ్చారు. వీధికి అడ్డంగా పారే వాగు పొంగినప్పుడల్లా ఇళ్ళు మునిగేవి. గట్టు కట్టించమని వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఆ నిధులు వాషింగ్టన్ నుంచి రావాలంటే గట్టిగా పట్టుబట్టే సభ్యుడొకడు కావాలి.

హద్దుల బిల్లు మీద జనం మాట వినడానికి శాసనసభ కమిటీ పెట్టిన బహిరంగ విచారణ రోజున, మిల్లు వీధిలో ఉండే హ్యాటీ అనే రిటైర్డ్ నర్సు ఇరుగుపొరుగుతో కలిసి బస్సులో వచ్చింది. గోడపటం దగ్గరికి నడిచి, గీత మీద వేలు పెట్టి, తన ఇల్లు దీని కిందే ఉందనీ, ఇటు వస్తుందో అటు వస్తుందో చెప్పమనీ అడిగింది. అవన్నీ సాంకేతిక వివరాలనీ, బిల్లు పాసయ్యాక తెలుస్తాయనీ అన్నాడు కమిటీ చైర్మన్. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగింది ఆమె ఇంటి సంగతి! పటం పక్కనే నిలబడి ఉన్నాను. "మేడమ్, మీ ఇల్లు ఒక నియోజకవర్గంలో, ఎదురిల్లు ఇంకోదాంట్లో" అని చెప్పేశాను. హాలంతా గోలెత్తిపోయింది.

ఆ సాయంత్రం సహోద్యోగి రావు గారు కార్‌లో దింపుతూ చీవాట్లు పెట్టారు. "గవర్నమెంట్ జాబ్ చేస్తూ కమిటీ ముందు నోరు తెరుస్తావేంటయ్యా? ఆవిడ నీకేమవుతుందని?"

"ఏమీ కాదండీ. కానీ ఆ గీత గీసింది నేను" అన్నాను.

బిల్లు అలాగే పాసయింది. మర్నాటికల్లా నన్ను హైవే శాఖకు తిప్పి పంపారు. విచారణ ఉత్త కంటితుడుపు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపమే.

కొన్నేళ్ళకు వాగు మళ్ళీ పొంగింది. హ్యాటీ ఇద్దరు సభ్యుల ఆఫీసులకూ ఫోన్ చేసిందట. గట్టు అవతలి నియోజకవర్గం పని అని ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. నేను రిటైరయ్యేనాటికి కూడా అక్కడ గట్టు లేదు.

ఆ డెప్యుటేషన్‌లో నేను నేర్చుకున్నది ఒక్కటే. గీత లావుగా గీయమన్నారంటే, దాని కింద ఎవరో ఉన్నారన్నమాట.